పిల్లల పేరు చెప్పి

తప్పని తెలియక చేసేవాడిది అజ్ఞానం అంటాం. తప్పని తెలిసి, ఆ మాట సొంత చేత్తో రాసి, అయినా మానుకోనివాడిది ఏమిటి? హెన్రీ లారెన్స్ చరిత్ర చదివినప్పుడల్లా నాకీ ప్రశ్న ఎదురవుతుంది.

ఆయన 1724లో దక్షిణ కరొలీనాలోని చార్లెస్టన్‌లో పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు చేసేవాడు. కొడుకు బియ్యం, నీలిమందు ఎగుమతి చేస్తూ, ఆఫ్రికానుంచి ఓడల్లో తెచ్చిన మనుషుల్ని అమ్మిపెట్టి కమీషను పుచ్చుకుంటూ మహా ధనవంతుడయ్యాడు. 1750లలో ఆయన భాగస్వామిగా ఉన్న వర్తక సంస్థ చేతిమీదుగా అమ్ముడైన వాళ్ళు ఎనిమిది వేల పైచిలుకని చరిత్రకారుల లెక్క. 1777 నవంబరులో కాంటినెంటల్ కాంగ్రెసు అధ్యక్షుడయ్యాడు.

1776 ఆగస్టు 14న పెద్దకొడుకు జాన్‌కు ఒక ఉత్తరం రాశాడు. బానిసత్వమంటే తనకు అసహ్యమన్నాడు. తన బానిసల్ని వేలం వేస్తే ఇరవై వేల పౌన్లు వస్తాయని లెక్క చెప్పి, వారిలో చాలామందిని విడిపించే మార్గం ఆలోచిస్తున్నానన్నాడు. చట్టం అడ్డు, ఆచారం అడ్డు, తన ధనాశ కూడా అడ్డేనని ఒప్పుకున్నాడు. అన్నిటికీ మించి, ఇంత ఆస్తి లేకుండా చేస్తే పిల్లలేమంటారో అని సందేహించాడు.

మరి పిల్లవాడేమన్నాడు? సంతోషించాడు. ఊరికే సంతోషించి ఊరుకోలేదు. బానిసల్ని సైన్యంలో చేర్చుకుని స్వేచ్ఛ ఇవ్వాలని పట్టుబట్టాడు. 1779లో మూడు వేలమందిని చేర్చుకోవచ్చని కాంగ్రెసు సలహా ఇచ్చింది. సొంత రాష్ట్రమే కాదంది. 1782 ఆగస్టులో, 27వ ఏట, జాన్ యుద్ధంలో చనిపోయాడు.

తండ్రికి ఈలోగా బందీతనమంటే ఏమిటో తెలిసివచ్చింది. 1780లో సముద్రం మీద బ్రిటిషువారికి చిక్కి, ఏడాదికి పైగా లండన్ టవర్‌లో ఖైదీగా ఉన్నాడు. కాని 1782 నవంబరు 30న పారిస్‌లో సంధి పత్రం మీద సంతకాలయ్యేటప్పుడు, బ్రిటిషు సైన్యం వెళ్ళిపోతూ నీగ్రోల్నిగాని ఇతర ఆస్తినిగాని తీసుకుపోరాదన్న మాట చేర్పించింది ఈయనే. ఎదుట కూర్చున్న బ్రిటిషు ప్రతినిధి రిచర్డ్ ఆస్వాల్డ్ ఒకప్పుడు బానిస వ్యాపారంలో ఈయనకు తోటివాడే. కొడుకు పోయి అప్పటికి మూడు నెలలు.

1792లో లారెన్స్ పోయాడు. తన దేహాన్ని పూడ్చకుండా దహనం చెయ్యాలని విల్లు రాశాడు. మనకది మామూలేగాని, ఆ రోజుల్లో అక్కడది ఎవరూ వినని కోరిక. అయినా పిల్లలు కాదనలేదు, అలాగే చేశారు. ఆయన బతికుండగా విడిపించింది ఏ కొద్దిమందినో. మిగతా వందలమంది వారసులకే మిగిలారు.

నా మనసుకు పట్టింది ఇదే. ఎంత వింత కోరికనైనా తీర్చిన పిల్లలు, మనుషుల్ని వదిలెయ్యమంటే కాదనేవారా? అనేవారేమో. కాని ఆయన ఆ పరీక్ష పెట్టలేదు. పిల్లల మాట అడ్డమని అన్నవాడు, ఔనన్న పిల్లవాడి మాటా వినలేదు. అడ్డం ఆయన రాసుకున్న మూడోదే.

ఇంత దూరం వచ్చి మనం చేసేదంతా పిల్లల కోసమే అంటాం. చాలావరకు నిజమే కావచ్చు. కాని చెయ్యవలసిన మంచిపని ఏదైనా వాళ్ళ పేరు చెప్పి వాయిదా వేస్తున్నప్పుడు, వాళ్ళను ఒక్కసారి పిలిచి అడగడం మంచిది. వాళ్ళేమంటారో మనకు ముందే తెలుసుననుకోవడం, లారెన్స్‌కులాగే, మనకూ సుఖంగానే ఉంటుంది.