అనుభవం లేనివాడికి అనుభవం

ఉద్యోగం కావాలంటే అనుభవం ఉండాలి. అనుభవం కావాలంటే ఉద్యోగం ఉండాలి. ఈ పీటముడి మన సాఫ్ట్‌వేర్ వాళ్ళందరికీ తెలిసిందే. అమీర్‌పేటలో రెండేళ్ళ అనుభవాన్ని రెండు గంటల్లో రాయించుకోవచ్చని మనలో జోకులు కూడా ఉన్నాయి. పత్రికల్లో, టీవీల్లో, ప్రకటనల కంపెనీల్లో మాత్రం ఈ ముడి ఇంకా గట్టిది. అక్కడ పరీక్ష రాసి నెగ్గడం తక్కువ, ఎవరో ఒకరు తెలిసి ఉండటం ఎక్కువ. మొదటి ఆరు నెలలు ఏదో ఒక ఆఫీసులో కూర్చోనిస్తే తప్ప ఆ పని రాదు. ఆ కూర్చోనివ్వడాన్నే ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అంటున్నాం.

అమెరికాలో నల్లజాతివారి కాలేజీల్లో జర్నలిజం, కమ్యూనికేషన్స్ చదివే పిల్లలకని కొన్ని ఇంటర్న్‌షిప్‌లు విడిగా కేటాయిస్తారు. ఇది దయా, పాత బాకీ తీర్చడమా, లేక మూడోవాడికి చేసే అన్యాయమా? అది వాళ్ళ గొడవ కదా అనుకుంటే ఇంత దూరం నుంచి నేను రాయనక్కర్లేదు. మనదీ అదే గొడవ అని నా అనుమానం.

ముందు వాళ్ళ సంగతి. 1964కి ముందు నల్లజాతివారి చదువు కోసం స్థాపించిన కాలేజీలని 1965 నాటి ఉన్నత విద్యా చట్టం ప్రత్యేకంగా గుర్తించింది. ఇప్పుడు అవి వంద దాకా ఉన్నాయి. వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీ 1867 నాటిది. 1967లో నగరాలు తగలబడ్డాక ప్రెసిడెంట్ జాన్సన్ వేసిన కెర్నర్ కమిషన్ మర్నాటి ఏడాది రిపోర్టు ఇచ్చింది. అందులో పత్రికల మీద ఒక అధ్యాయమే ఉంది. సంపాదక ఉద్యోగాల్లో నల్లవారు 5 శాతం కూడా లేరనీ, పై స్థాయిలో 1 శాతం కూడా లేరనీ, ఉన్నవాళ్ళలో ఎక్కువమంది నల్లవారి సొంత పత్రికల్లోనే ఉన్నారనీ లెక్క చెప్పింది. తన దేశంలో సగం వీధులు తెలియని పత్రిక, ఆ వీధుల్లో నిప్పంటుకున్నప్పుడు ఏం రాస్తుంది? 1971లో హోవర్డ్‌లో కమ్యూనికేషన్స్ స్కూలు మొదలైంది. అదే ఏడాది వాషింగ్టన్ పోస్ట్ వాళ్ళు తమ ఎఫ్ఎమ్ రేడియో స్టేషన్ని ఆ యూనివర్సిటీకి ఇచ్చేశారు. న్యూస్‌రూముల్లో జనాభా నిష్పత్తి రావాలని అమెరికన్ సంపాదకుల సంఘం 1978లో తీర్మానించి, 2000 సంవత్సరాన్ని గడువుగా పెట్టుకుంది. గడువు వచ్చింది, నిష్పత్తి రాలేదు. గడువుని 2025కి జరిపారు. మన ప్రాజెక్టులు చూసినవాళ్ళెవరికీ ఇందులో ఆశ్చర్యం ఉండదు.

ఇక ఈ కథ ఇండియాని ఎలా తాకిందో చూడండి. 1996లో వాషింగ్టన్ పోస్ట్‌కి ఢిల్లీలో విలేకరిగా ఉన్న కెన్నెత్ కూపర్ ఒక నల్లజాతి అమెరికన్. ఆయన ఒక వార్త కోసం దళిత జర్నలిస్టు ఎవరైనా ఉంటే మాట్లాడాలని, బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ పాత్రికేయుణ్ణి అడిగారు. ముప్ఫై ఏళ్ళ వృత్తిలో తనకి ఒక్కరూ తారసపడలేదన్న సంగతి ఉనియాల్‌కి అప్పుడు తట్టింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న 686 మంది విలేకరుల జాబితా తిరగేశారు, ఫోన్లు చేశారు. ఒక్కరినీ పట్టుకోలేకపోయారు. ఆ సంగతే పయొనీర్ పత్రికలో రాశారు. ఆ ప్రశ్న అడగడానికి అమెరికా నుంచి ఒక నల్లజాతి మనిషి రావలసి రావడం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. కూపర్‌కి అది పెద్ద ప్రశ్నేమీ కాదు. గదిలోకి అడుగుపెడితే తనలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోవడం ఆయనకి చిన్నప్పటి నుంచీ అలవాటై ఉంటుంది. మనకి ఆ అలవాటు లేదు. లెక్కపెట్టుకోవలసిన అవసరం రాని మనుషులం మనం.

పదేళ్ళ తర్వాత, 2006లో, ఢిల్లీలో 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్క తీస్తే దళితులూ ఆదివాసులూ సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి 121 నాయకత్వ స్థానాలు చూస్తే అగ్రకులాలవారు 106 మంది, దళిత ఆదివాసులు మళ్ళీ సున్నా. భారతీయ భాషా పత్రికల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన రాబిన్ జెఫ్రీ కూడా దాదాపు ఇదే మాట రాశారు. ఆయన తిరిగిన పత్రికల్లో మన తెలుగు పత్రికలూ ఉన్నాయి.

అలాగని రాసేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. నల్లజాతివారు 1827లోనే న్యూయార్కులో ఫ్రీడమ్స్ జర్నల్ పెట్టుకున్నట్టే, హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో భాగ్యనగర్ పత్రిక పెట్టారు. కారంచేడు తర్వాత నాలుగేళ్ళకి, 1989లో, నలుపు పత్రిక వచ్చింది. పేరు కూడా అదే చూడండి. సొంత పత్రిక పెట్టడం గొప్ప పనే. కానీ చందాల మీద, ఒకరిద్దరి ఒంటి కష్టం మీద నడిచే పత్రిక పక్కన లక్షల కాపీల పత్రిక ఉన్నప్పుడు, ఊరు దేన్ని చదివి లోకం ఇదీ అనుకుంటుందో మనకి తెలుసు.

ఇక్కడ నన్ను తికమక పెట్టే ఉదాహరణ ఒకటుంది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళలు నడిపే రేడియో అది. లైసెన్సు రాకముందు దాదాపు పదేళ్ళు వాళ్ళు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్ల మీద సంఘాల్లో వినిపించుకున్నారు. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ ఒకప్పటి దూరదర్శన్ ప్రొడ్యూసరు. బడి మొహం చూడని ఆడవాళ్ళు కెమెరా పట్టి పంటల మీద సినిమాలు తీశారు. వీళ్ళు ఏ ఆఫీసులోనూ ఇంటర్న్‌లుగా కూర్చోలేదు. ఆఫీసే వీళ్ళ పొలాల దగ్గరికి వచ్చింది. అప్పుడు ఇంటర్న్‌షిప్‌లెందుకు, ఇదే దారి కదా అనిపిస్తుంది. కానీ సంఘం రేడియో ఆ చుట్టుపక్కల ఊళ్ళకే వినిపిస్తుంది. హైదరాబాదులో సాయంత్రం టీవీ చర్చ ఏ విషయం మీదో నిర్ణయించే గదిలో ఆ గొంతు లేదు. సొంత ఇల్లు కట్టుకోవడం, పెద్దింట్లోకి అడుగుపెట్టడం రెండూ కావాలని నేను అనుకుంటాను. ఒకటుంది కదా అని రెండోది వద్దనడం, ఎక్కువసార్లు పెద్దింటివాళ్ళు చెప్పే మాటే.

మరి ప్రతిభ సంగతేమిటి అని అడుగుతారు. మంచి ప్రశ్నే. పత్రికల్లో ప్రతిభ అంటే ఏమిటి? తప్పుల్లేని వాక్యమా? అది ఆరు నెలల్లో నేర్పవచ్చు. ఏ చావు వార్తో, ఏది వార్త కాదో తెలియడం అంతకన్నా పెద్ద విద్య. ఊరి చెరువులో గేదెల్ని కడుగుతుంటే, అది మా తాగే నీరని ఒకరు అడ్డుచెప్పడం వార్తేనా? 1985 జులైలో కారంచేడులో మనుషులు చచ్చిపోయాకే అది వార్తయింది. ముందురోజున అది వార్తని గుర్తుపట్టగలిగిన మనిషి, నా దృష్టిలో, ప్రతిభావంతుడు. ఆ ప్రతిభ ఏ వీధుల్లో పెరిగితే వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

దీన్ని ఒప్పుకోనివాళ్ళతో ఇక్కడ అమ్వాజ్‌లో కూర్చుని చాలాసార్లు మాట్లాడాను. వాళ్ళకి నేను బహ్రెయిన్ సంగతే చెబుతాను. ఇక్కడ మనలాంటి విదేశీయుల పర్మిట్ల మీద కంపెనీలు కట్టే ఫీజులో పెద్ద భాగం తమ్‌కీన్‌కి వెళుతుంది. 2006లో పెట్టిన ఆ సంస్థ ఆ డబ్బుతో బహ్రెయినీ కుర్రాళ్ళకి శిక్షణ ఇప్పిస్తుంది, కొత్తగా చేరినవాళ్ళ జీతంలో కొంత తాను భరిస్తుంది. ఫలానా శాతం మంది స్థానికులుండాలన్న నియమం సరేసరి. అంటే మన పేరు మీద వసూలైన డబ్బు, రేపు మన కుర్చీలో కూర్చోబోయేవాడి చదువుకి పోతోంది. ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్న తెలుగువాళ్ళలో ఎవరూ దీన్ని ప్రతిభకి జరిగిన ద్రోహం అనగా నేను వినలేదు. “వాళ్ళ దేశం, వాళ్ళ పిల్లలు, న్యాయమే కదా” అంటాం. అదే నోటితో, అదే సాయంత్రం, ఊళ్ళో రిజర్వేషన్ల మాట వస్తే గొంతు మారిపోతుంది.

ఆ పోలిక కుదరదని ఒక మిత్రుడు వాదించారు. ఇక్కడ మనం అతిథులం, వాళ్ళు గృహస్థులు, అందుకని ఒప్పుకున్నాం అన్నారు. ఒప్పుకుంటాను. అయితే మన ఊళ్ళో అతిథి ఎవరు? దళితవాడ ఏ ఊరి నుంచీ వలస వచ్చింది కాదు. ఊళ్ళో వాటా అడిగేవాడితో గృహస్థు ముష్టివాడితో మాట్లాడినట్టు మాట్లాడే హక్కు మనకెవరిచ్చారో ఆ మిత్రుడూ చెప్పలేదు. “ఇవ్వడం” అన్న క్రియలోనే తిరకాసు ఉంది. ఇంటర్న్‌షిప్ ఇచ్చాం, అవకాశం ఇచ్చాం అంటాం. మా అన్నయ్య కొడుక్కి నేను ఎవరికో ఫోన్ చేసి కంపెనీలో ప్రాజెక్టు ఇప్పిస్తే, అది అవకాశం ఇవ్వడం అనం. “కుర్రాడు తెలివైనవాడు” అంటాం.

ఇందులో ఉన్న ఇబ్బందుల్ని దాచను. ప్రత్యేక దారిన వచ్చినవాణ్ణి ప్రత్యేక వార్తలకే పంపుతారు. దళిత విలేకరికి దళితుల వార్త, ఇంకెవరికో బడ్జెట్టు. అది ఇంకో రకం వాడ. జీతం లేని ఇంటర్న్‌షిప్ అయితే మరీ అన్యాయం. హైదరాబాదులో ఆరు నెలలు హాస్టలు అద్దె కట్టగల తండ్రి ఉన్నవాడినే అది ఏరుతుంది, అదీ కులం పేరెత్తకుండా. మండలాల్లో అచ్చయిన వార్త కొలతని బట్టి నాలుగు రాళ్ళు పుచ్చుకుంటూ, పైగా ప్రకటనలు తెమ్మంటే తెస్తూ పనిచేసే విలేకరుల గురించి వేరే వ్యాసమే రాయాలి.

చట్టం సంగతికొస్తే, 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడం చెల్లదని తీర్పిచ్చాక, జాతి పేరుతో ఉన్న ఫెలోషిప్‌ల మీద కూడా కేసులు పడ్డాయి. కొందరు నిబంధనలు మార్చుకున్నారు. ఆ కాలేజీల సంగతి మాత్రం కొంచెం వేరు. వాటిలో చదివేవాళ్ళలో నాలుగోవంతు దాకా నల్లవారు కానివారే. అక్కడికి వెళ్ళి ఇంటర్న్‌లని తీసుకునేవాడు ఒంటి రంగు అడగడం లేదు, ఇన్నాళ్ళూ తాను పోని గుమ్మానికి పోతున్నాడు, అంతే.

మనకి అలాంటి గుమ్మాలు లేకపోలేదు. సాంఘిక సంక్షేమ గురుకులాలున్నాయి. 2014 మేలో పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆ బడుల పేరు అన్ని పత్రికల్లోనూ మోగింది. 2016 నుంచి తెలంగాణలో ఆడపిల్లలకి గురుకుల డిగ్రీ కాలేజీలు కూడా వచ్చాయి. అక్కడ చదివేవాళ్ళలో ఎక్కువమంది దళిత కుటుంబాల అమ్మాయిలు, ఇతరులూ ఉన్నారు. వాళ్ళ గురించి రాశాం, ఫొటోలు వేశాం. వాళ్ళ చేత రాయిద్దామని ఎందరికి తోచింది? చెన్నైలో ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం దళిత, ఆదివాసీ విద్యార్థులకి స్కాలర్‌షిప్‌లు ఇస్తూ వచ్చింది. ఆరు నెలల హాస్టలు అద్దె, ఒక నెలజీతం, ఒక కుర్చీ. గల్ఫ్‌లో ఉన్న ఏ నలుగురు తెలుగు ఉద్యోగులు కూడినా ఒక అమ్మాయికి ఆ ఖర్చు పెద్దదేమీ కాదు.

ఈ మాట నేను ఇలాంటి సంకలనంలో రాస్తున్నానన్న స్పృహ నాకుంది. సల్మాబాద్ లేబర్ క్యాంపుల్లో కరీంనగర్, నిజామాబాద్ నుంచి వచ్చిన తెలుగువాళ్ళు మనకన్నా ఎంతో ఎక్కువమంది. మన ప్రవాస సంకలనాల్లో వాళ్ళు పాత్రలుగా కనిపిస్తారు, రచయితలుగా చాలా అరుదు. వాళ్ళ పిల్లల్లో కొందరు ఆ గురుకులాల్లోనే చదువుతూ ఉండవచ్చు. డబ్బు పోగుచేయడం తేలికే. ఎవరిని తీసుకోవాలో నిర్ణయించే కమిటీలో ఎవరుండాలన్న దగ్గర మాత్రం, మిత్రులతో మాట్లాడిన ప్రతిసారీ, రాసుకున్న పేర్లన్నీ అమ్వాజ్, జుఫైర్ ఫ్లాట్లవే అవుతున్నాయి.