అయిదో కారణం

గంజాం జిల్లాలో ట్రాక్టరు ముందు బిగించిన లోడర్‌కు ఏడాదిలో రెండుసార్లు పూజ జరిగినా ఆశ్చర్యం లేదు. ఇంచుమించు ప్రతి ఏడూ సెప్టెంబరు 17న వచ్చే కన్యా సంక్రాంతికి విశ్వకర్మ పూజ, ఆ తరువాత దసరాల్లో ఆయుధ పూజ. బరంపురంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ తెలుగూ ఒడియా ఒకే వీధిలో కాపురముంటాయి కాబట్టి యజమాని పండుగ ఒకటి, డ్రైవరు పండుగ ఇంకొకటి కావచ్చు. ఏ పండుగైనా తంతు మాత్రం దాదాపు ఒకటే. బండి కడుగుతారు. బానెట్‌కు పసుపు రాసి బొట్లు పెడతారు. బకెట్ అంచు పొడుగునా కుంకుమ చుక్కలు, స్టీరింగ్‌కు బంతిపూల దండ, ముందు చక్రాల కింద చెరొక నిమ్మకాయ. కొబ్బరికాయ కొట్టి, గుమ్మడికాయతో దిష్టి తీసి, బండిని కాస్త కదిపి నిమ్మకాయలు తొక్కిస్తారు. మర్నాటి నుంచి అదే బండి ఇసుక, కంకర, గత్తం ఎత్తుతుంది. ఏడాది పొడుగునా ఎవరికీ ఏమీ కాకూడదన్నది ఆ పూజలోని కోరిక. న్యాయమైన కోరికే. కానీ ఏదైనా అయిననాడు దాన్ని ఎవరి ఖాతాలో రాయాలి? దేవుడి ఖాతాలోనా, విధి ఖాతాలోనా, బండి ఎక్కినవాడి ఖాతాలోనా, ఎక్కించినవాడి ఖాతాలోనా?

పూజకూ క్షేమానికీ ఉన్న లెక్క ఏమిటన్న ప్రశ్న ఈ నేలకు కొత్త కాదు. పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య నది చేరువలో ఉన్న జౌగడ బండ మీద అశోకుడి శాసనాలున్నాయి. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి వాల్టర్ ఇలియట్ 1850లో వాటికి నకలు తీయించాడు. గంజాం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీది, ఒడిశాలో కలిసింది 1936లో. కళింగ యుద్ధాన్ని వర్ణించే పదమూడో శాసనం ఆ బండ మీద లేదు. ఓడినవాళ్ళ వాకిట్లో ఆ కథ చెక్కించడం బాగుండదనుకున్నారేమో. తొమ్మిదోది మాత్రం ఉంది, అది మన విషయానికే సంబంధించినది. జనం జబ్బు చేసినప్పుడు, పెళ్ళిళ్ళకు, పిల్లలు పుట్టినప్పుడు, ప్రయాణం కట్టినప్పుడు రకరకాల మంగళకార్యాలు చేస్తారని అశోకుడు అంటాడు. చెయ్యవద్దని అనడు. చెయ్యవలసిందే గానీ వాటి ఫలం కొంచెమేనంటాడు. పెద్ద ఫలమిచ్చే మంగళం వేరే ఉందని చెబుతూ మొదట పేర్కొన్నది దాసులతోనూ పనివాళ్ళతోనూ సరిగ్గా నడుచుకోవడాన్ని. గురువుల గౌరవం, ప్రాణుల పట్ల నిగ్రహం, శ్రమణులకూ బ్రాహ్మణులకూ దానం ఆ తరువాత వస్తాయి. నా వాదం ఈ మాట మీదే నిలబడుతుంది. లోడర్‌కు చేసే పూజ తప్పు కాదు. దాని కింద, దాని పక్కన, దాని మీద పనిచేసే మనిషి పట్ల జాగ్రత్తే ఆ పూజకు అసలు భాగం, పసుపూ కుంకుమా దానికి అలంకారం.

వాదం గాలిలో తేలకుండా యంత్రం దగ్గరికి వద్దాం. బకెట్ నిండా తడి ఇసుక ఎత్తగానే బరువు ముందు ఇరుసు మీదికి ఒరుగుతుంది, వెనక చక్రాలు తేలికైపోతాయి. మామూలు ట్రాక్టరుకు బ్రేకులుండేది వెనక చక్రాలకే. అవి నేలను గట్టిగా పట్టుకోకపోతే వాలులో ఎంత తొక్కినా బండి ఆగదు. అందుకే వెనక లింకేజికి తగినంత బరువు తగిలించాలి. దాన్ని తీసేసి నడిపితే డీజిలు కలిసొస్తుందనుకోవడం తెలివితక్కువ పొదుపు. బకెట్ పైకి లేచేకొద్దీ మొత్తం బండి గురుత్వ కేంద్రం కూడా పైకి పోతుంది. ఎత్తిన బకెట్‌తో మలుపు తిప్పేటప్పుడు ఒక్క చక్రం గుంతలో దిగితే చాలు, ట్రాక్టరు పక్కకు దొర్లుతుంది. నిండు బకెట్‌ను నేలకు అడుగెత్తున ఉంచి, నెమ్మదిగా నడిపి, పోసే చోటుకు చేరాకే ఎత్తాలి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఇంజను ఆపేసినా ఎత్తిన బకెట్ పైనే నిలిచి ఉంటుంది, కాబట్టి అది స్థిరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. దాన్ని మోస్తున్నది జాకీలో చిక్కుకున్న నూనె మాత్రమే. ఎండకు బీటలిచ్చిన ఒక హోస్ పైపు పగిలినా, చిన్నపిల్లాడు సరదాకు లివరు తాకినా, అరటన్ను ఇనుము రెప్పపాటులో కిందికొస్తుంది. పిన్నులకు గ్రీజు కొట్టడానికి కింద దూరినవాడికి తప్పుకునే వ్యవధి ఉండదు. సీటు దిగేముందు బకెట్ నేలకు దించి, ఇంజను ఆపి, లివరును నాలుగు వైపులా కదిపి పైపుల్లో మిగిలిన ఒత్తిడి వదిలించడం, ఎత్తి ఉంచక తప్పని మరమ్మతయితే జాకీ కడ్డీకి ఉక్కు అడ్డు తొడగడం – ఇవి ఏ మెకానిక్కైనా చెప్పే మాటలే. నూనె కారుతున్న చోటును అరచేత్తో తడిమి వెతకడం మరొక అలవాటు. సూదిమొనంత చిల్లులోంచి దూకే ఆ నూనె 150 నుంచి 200 బార్ల ఒత్తిడితో వస్తుంది, లారీ టైరులోని గాలికి సుమారు ఇరవై రెట్లు. అది చర్మం కోసుకుని లోపలికి పోతుంది. మొదట చీమ కుట్టినంతే. కొన్ని గంటల్లో ఆపరేషన్ జరగకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యి తీసెయ్యాల్సి రావచ్చు. అట్టముక్క అడ్డుపెట్టి చూస్తే పోయేది అట్టముక్క. ఇక పందిరి కట్టడానికో కొమ్మలు కొట్టడానికో మనిషిని బకెట్‌లో నిలబెట్టి కరెంటు తీగల దాకా ఎత్తడం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది.

ఇంత చెప్పాక రాసిపెట్టి ఉంటే ఆపేదెవరు అనే మాట వస్తుంది. జాగ్రత్తగా నడిపినవాళ్ళూ పోతున్నారు, నిర్లక్ష్యంగా నడిపినవాళ్ళూ ముసలితనం దాకా బతుకుతున్నారు కదా అంటారు. ఇది తేలిగ్గా కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు, అందులో కొంత నిజముంది. కానీ దీనికి ఆసరాగా తెచ్చుకునే శాస్త్రం దీన్ని ఒప్పుకోదు. గీత పద్ధెనిమిదో అధ్యాయం ఏ పనికైనా అయిదు కారణాలు లెక్కపెట్టింది: పని జరిగే ఆధారం, చేసేవాడు, పనిముట్లు, రకరకాల చేష్టలు, అయిదోది దైవం. లోడర్‌కు పెట్టి చూడండి. నేల వాలు మొదటిది, డ్రైవరు రెండోవాడు, పైపులూ పిన్నులూ టైర్లూ మూడోది, లివరు మీద చెయ్యి నాలుగోది. ఈ నాలుగూ సరిచూసుకున్నాక మిగిలితే అయిదోది. మనం మాత్రం అయిదోదాన్ని మొదట పెట్టి మిగతా నాలుగింటినీ చెరిపేస్తాం. అదే అధ్యాయంలో తామస కర్మకు చెప్పిన లక్షణం ఇంకా సూటిగా తగులుతుంది: వెనక వచ్చే పర్యవసానం, జరిగే నష్టం, ఇతరులకు కలిగే హింస, తన శక్తి – ఈ నాలుగూ చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టే పని. లోడర్ మోయగల బరువును మించి ఎత్తడం అచ్చంగా ఆ నాలుగోది. జాగ్రత్తపరుడు కూడా పోయాడంటే దైవం కూడా ఒక కారణమని రుజువవుతుంది, మిగతా నాలుగూ కారణాలు కావని రుజువు కాదు. స్వీడన్‌లో 1959 నుంచి ప్రతి కొత్త ట్రాక్టరుకూ డ్రైవరు మీద ఉక్కు చట్రం ఉండి తీరాలని చట్టం చేశారు. పాత బళ్ళు పోయి చట్రమున్నవి నిండేసరికి బోల్తాపడి చనిపోయేవాళ్ళ సంఖ్య నామమాత్రమైంది. నాలుగు ఇనుప స్తంభాలకు లొంగిపోయిన దాన్ని విధి అనడం విధికే అవమానం. పైగా ఈ మాట ఎవరు ఎవరి గురించి అంటున్నారో కూడా గమనించాలి. కాలు పోయిన కూలీ తన గుండె నిబ్బరానికి నా ఖర్మ అనుకుంటే అది వేరు. బండికి ఇన్సూరెన్సు కట్టి, మనిషికి కట్టని యజమాని అదే మాట అంటే అది వేదాంతం కాదు, ఎగవేత. ట్రాక్టర్లతో చేసే సేద్యంలో గాయపడినవాళ్ళను 1923 నాటి పరిహార చట్టం తన జాబితాలో చేర్చింది. ఖర్మ అనే మాట ఆ బాకీని తీర్చదు.

రెండో ఆక్షేపణ భక్తుల వైపు నుంచి. పూజను చిన్నబుచ్చుతున్నారు, నట్లూ బోల్టులూ నమ్మకం ముందు పెడుతున్నారు అని. నిజానికి కర్మకాండను మన దేశంలో అందరికన్నా గట్టిగా సమర్థించిన మీమాంసకుల దగ్గరికి వెళితే ఈ ఆక్షేపణ నిలవదు. యజ్ఞానికి వడ్లు దంచమని విధి ఉంది. దంచడం దేనికి? ఊక పోవడానికి. కంటికి కనబడే ప్రయోజనం దొరుకుతున్నప్పుడు కనబడని ప్రయోజనాన్ని కల్పించడం న్యాయం కాదన్నది వాళ్ళ సూత్రం. గోళ్ళతో ఒలిచినా ఊక పోతుంది కదా, దంచే తీరాలనడం ఎందుకు అంటే, ఆ నియమానికి మాత్రం కనబడని ఫలం ఒప్పుకున్నారు. అంతటి కర్మవాదులు కూడా ఊక పోకపోయినా ఫరవాలేదనలేదు. ఆయుధ పూజలో బండి కడగడమన్న విధికీ కనబడే ప్రయోజనముంది: బురద పోతే బీటలిచ్చిన వెల్డింగు, కారే సీలు, వదులైన బోల్టు బయటపడతాయి. కడిగి, వాటిని చూడకుండా పసుపు పూస్తే ఊకతో సహా హవిస్సు పెట్టినట్టే. స్వరం తప్పితే మంత్రం ఎదురుతిరుగుతుందని నమ్మే సంప్రదాయం పిన్ను జారిన పనిముట్టును దేవుడి ముందు నిలబెట్టడానికి ఎలా ఒప్పుకుంటుంది? ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు. పూజ ధైర్యమిస్తుందంటారు. ఇస్తుంది. ఎత్తిన బకెట్ కింద దూరేవాడికి ఉండవలసింది ధైర్యం కాదు.

మూడో ఆక్షేపణే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇవన్నీ ఉన్నవాళ్ళ నీతులు. కిస్తీలు కట్టాలి, కాంట్రాక్టరు ట్రిప్పుకింతని ఇస్తాడు, తెల్లారేలోగా పని తేలాలి, ఇంతలో అట్టముక్కలూ అడ్డు కడ్డీలూ ఎక్కడ అని. సగానికి పైగా జాగ్రత్తలకు ఖర్చు లేదు. బకెట్ దించడానికి అయ్యేది కొన్ని క్షణాలు. కానీ వెనక బరువుకూ, కొత్త పైపులకూ, చట్రానికీ డబ్బు కావాలి, తొందరా అలసటా డ్రైవరు చేతిలో ఉన్నవి కావు. ఇక్కడ మళ్ళీ జౌగడ బండే పనికొస్తుంది. కళింగ కోసమే వేయించిన వేరు శాసనాలు రెండు ధౌలిలో ఉన్నట్టే అక్కడా ఉన్నాయి. జౌగడవి సమాపా నగరంలోని అధికారులను ఉద్దేశించినవి. కారణం లేకుండా మనుషులు చెరసాల పాలై హింసపడుతున్నారని, న్యాయంగా వ్యవహరించనివ్వని దోషాలు ఇవీ అని ఒకదానిలో జాబితా ఉంది: అసూయ, కోపం, నిష్ఠురత్వం, తొందర, అభ్యాసం లేకపోవడం, సోమరితనం, అలసట. చెరసాల గురించి రాసిన ఆ జాబితాలోని చివరి నాలుగూ లోడర్ ప్రమాదానికి పంచనామా రాసినట్టు ఉంటాయి. అంతకన్నా ముఖ్యం, ఆ దోషాలు మానమని చెప్పింది ఖైదీలకు కాదు, అధికారులకు. తొందరపెట్టేవాడు తొందరకు బాధ్యుడు, నేర్పకుండా ఎక్కించినవాడు నేర్పులేమికి బాధ్యుడు. పేదరికం నిజమే అయితే ఆ బరువు ట్రిప్పుల లెక్క రాసేవాడి మీద పడాలి, లివరు పట్టినవాడి మీద కాదు. బరంపురంలో 1894లో పుట్టి, రైల్వే కార్మికుల సంఘాల్లో ఎదిగి రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఊరి వాళ్ళకు ఇది వింతగా తోచకూడదు.

ఆ శాసనంలోనే అశోకుడు ఇంకో ఏర్పాటు చెప్పాడు. ఈ మాట సరిగ్గా నడుస్తోందో లేదో చూడటానికి అయిదేళ్ళకొకసారి మృదుస్వభావం గల అధికారిని పర్యటనకు పంపుతానన్నాడు. ఫ్యాక్టరీ యంత్రాన్ని చూడటానికి ఇవాళ ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. హింజిలికాటు పొలాల్లోనో ఋషికుల్య ఒడ్డునో తిరిగే ట్రాక్టరు లోడర్‌ను చూడటానికి ఎవరున్నారు? క్రమం తప్పకుండా వచ్చేవాడు ఒక్కడే కనిపిస్తాడు, పూజకు వచ్చే పురోహితుడు. ఏడాది మొత్తంలో బండి పనిమాని, శుభ్రంగా కడిగి, బకెట్ నేలకు దించి, యజమానీ డ్రైవరూ కూలీలూ చుట్టూ నిలబడి ఉండే పూట కూడా అదే. తనిఖీకి అంతకన్నా మంచి ముహూర్తం దొరకదు. పురోహితుడికి హైడ్రాలిక్స్ ఏం తెలుసు అంటే, ఆయనకు తెలియనక్కర్లేదు. సంకల్పం చెప్పేముందు మెకానిక్‌ను పిలిచి పీట వేస్తే సరిపోతుంది. ఇందులో ఆచారానికి విరుద్ధం కూడా ఏమీ లేదు. విశ్వకర్మను కులదైవంగా కొలిచే విశ్వబ్రాహ్మణులు తమ పౌరోహిత్యం తామే చేసుకునే సంప్రదాయం తెలుగునాట ఉంది. కర్రు కాల్చి సాగదీసిన చెయ్యే దానికి బొట్టు పెట్టింది. ఆ రెండు పనులూ ఇద్దరి చేతుల్లోకి పోవడం ఇటీవలి సంగతి. మెకానిక్ హోస్ పైపు వంచి చూసి ఇది మార్చాలన్నాడనుకోండి. మార్చేదాకా నిమ్మకాయలు తొక్కించనని పురోహితుడు అంటే యజమాని కాదనలేడు, దక్షిణ మాటెలా ఉన్నా.