పంజరములో పుట్టిన పిట్ట

పక్షిని పంజరమునందుంచుట ధర్మమా, అధర్మమా అను ప్రశ్న క్రొత్తది కాదు. అడవిలో వలపన్ని పట్టిన పక్షి విషయమున సమాధానమునకై వెదుకనక్కరలేదు. మన పైరుపొలములలో గుంపులుగా ఎగురు జీనువాయి పిట్టలను, హిందీవారు మునియాలని పిలుచు ఆ చిన్ని పక్షులను, తరతరములుగా వలవేసి పట్టి అమ్మినారు. ఎఱ్ఱ మునియాకు శాస్త్రజ్ఞులు పెట్టిన ‘అమందవ’ అను పేరు అహమ్మదాబాదు నగరనామమునుండి వచ్చినదే. ఒకప్పుడు ఆ నగరమునుండి ఈ పక్షులు సముద్రము దాటి ఐరోపాకు పోయెడివి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో జరిగిన సవరణయు ఇట్టి వ్యాపారమునకు అడ్డుకట్ట వేసినవి. ధర్మమును శాసనమును ఏకవాక్యముగ పలుకుచుండగా ఇక చర్చ యెందులకు?

చర్చకు తావున్నది వేరొక పక్షి విషయమున. నేడు పట్టణములలో పెక్కు గృహముల వసారాలలోను, మేడలపైనను తీగల గూళ్లలో పెంచబడుచున్న జీబ్రా ఫించ్ పిట్టలను మీరును చూచియుందురు. తూకమున సుమారు 12 గ్రాములు, పగడమువంటి ముక్కు, మగదానికి చెక్కిళ్లపై నారింజరంగు బొట్లు. దీని స్వస్థలము ఆస్ట్రేలియా ఖండమునందలి ఎండు గడ్డిమైదానములు. ఆ దేశము తన పక్షుల ఎగుమతి వ్యాపారమును 1960లోనే నిలిపివేసినది. కనుక మన యింటి పిట్ట ఆ మైదానమును ఎరుగదు. దాని తల్లియు, తల్లికి తల్లియు పంజరములోనే కన్ను తెరచినవి. మరి దీనిని బంధించినవాడెవడు? తలుపు తీసి విడిచినచో పుణ్యము వచ్చునా?

రాదనియే నా అభిప్రాయము. పంజరములో పుట్టిన ఫించ్‌కు కాకి శత్రువని తెలియదు. గింజ యెచ్చట దొరకునో, ఎండవేళ నీరు యెచ్చట నుండునో చూపిన తల్లి లేదు. దానిని విడుచుట విముక్తి యనిపించుకొనదు, విసర్జన యగును. యాత్రాస్థలములలో కొందరు పక్షులను వెలయిచ్చి కొని ఎగురవేసి తృప్తి పడుదురు. ఆ వెలయే మరునాటి వలకు పెట్టుబడి. విజయదశమినాడు పాలపిట్టను చూచుట శుభమని మన పెద్దలు చెప్పగా, దానిని పట్టి గూటిలో తెచ్చి ఇంటింట చూపి డబ్బు తీసికొనువారును కలరు. పొలముగట్టున ఎగురు పాలపిట్టను చూడుమని పెద్దలు చెప్పిరి గాని, రెక్కలు నలిగినదానిని వాకిటికి తెప్పించుకొమ్మని చెప్పలేదు.

ఫించ్ పిట్టల విషయమున అసలు ప్రశ్న తలుపు చెంత లేదు; గూటికై మనము వ్రేలాడదీయు ముంత చెంత నున్నది. ఒక చిన్న మట్టిముంతను, పిడికెడు ఎండుగడ్డిని ఇచ్చినచో కొలది దినములలో ఆడపిట్ట దినమునకొకటి చొప్పున నాలుగైదు గ్రుడ్లు పెట్టును. తల్లిదండ్రులు వంతులవారీగా 12 మొదలు 14 దినముల వరకు పొదుగును. పిల్లలు మూడు వారములకు గూడు విడుచును. మూడు నెలలకు తామే గూడు కట్టుటకు సిద్ధమగును. స్వస్థలమున ఈ పక్షులు వాన కురిసి గడ్డి గింజపట్టినపుడు పిల్లలను కని, కరవు వచ్చినపుడు మానివేయును. మన పంజరమున గింజకును నీటికిని కరవే లేదు. ముంత వ్రేలాడుచున్నంతకాలము ఆ తల్లికి వానాకాలము ముగియదు. గ్రుడ్డు పెంకునకు వలయు సున్నమును తన యెముకలనుండి తీసి యిచ్చును. సముద్రఫేనమో, పొడిచేసిన కోడిగ్రుడ్డు పెంకో అందనిచో ఒకనాడు గ్రుడ్డు లోపలనే చిక్కుకొని ప్రాణము తీయును.

నా మిత్రుని యింట రెండు పిట్టలు ఏడాది తిరుగునప్పటికి ఇరువది దాటినవి. వచ్చినవారందరు అభినందించుచుండగా ఆయన మనుమరాలు మాత్రము, “తాతయ్యా, అమ్మపిట్టకు సెలవు ఎప్పుడు?” అని అడిగినదట. ఆయన నవ్వుచు నాకు చెప్పినాడు గాని, ఆ పసిదాని ప్రశ్న నవ్వి విడువదగినది కాదు.

భాగవతమునందలి భరతుని కథ మనకు సుపరిచితము. లేడిపిల్లపై మమకారముతో దానినే తలచుచు దేహము విడిచి, మరుజన్మమున లేడియై పుట్టినాడు. దీనిని మమకారదోషమునకు ఉదాహరణముగ చెప్పుదురు, సమంజసమే. అయినను ఒక విశేషమును గమనింపవలెను. భరతుడు ఆ లేడిపిల్లను పుట్టింపలేదు. ఏటిలో కొట్టుకొనిపోవుచున్న దిక్కులేని ప్రాణిని ఎత్తినాడు. ఎత్తకుండుట అతనివంటివానికి సాధ్యము కాదు. ముంత కట్టిన గృహస్థునకు అట్టి నిర్బంధము లేదు. తన కన్నుల పండువు కొఱకు, లేని ప్రాణిని లోకములోనికి పిలిచినాడు. పిలువక యుండగలిగియు పిలిచినవాని ఋణము భరతుని ఋణముకంటె బరువైనది.

పిలిచినది ఎట్టి ప్రాణినో కూడ తెలిసికొనవలెను. 2016లో ఆస్ట్రేలియాలోని పరిశోధకులు ఈ పిట్టలను గూర్చి ఒక వింతను వెల్లడించినారు. ఎండ 26 డిగ్రీలు మించిన దినములలో, పిల్ల వెలికివచ్చుటకు కొంచెము ముందుగా, తల్లిదండ్రులు గ్రుడ్ల చెంత ఒక ప్రత్యేకమైన కూత కూయును. గ్రుడ్డులోనుండి ఆ కూత వినిన పిల్లలు వేడిగూళ్లలో చిన్న దేహముతో పెరుగును. పెద్దవై యెక్కువ సంతానమును పొందును. మాతృగర్భమున నారదోపదేశము వినిన ప్రహ్లాదుడు ఇచ్చట ఎవరికైనను స్ఫురించును. అది భక్తి, ఇది ప్రకృతి. రెండింటిని సమముగ తూచుట నా ఉద్దేశము కాదు. కాని మనము చెంచాతో తీసి లెక్కపెట్టు ఆ గ్రుడ్డు వినుచున్నదను మాట మరువరాదు.

పాటయు అట్టిదే. మగపిల్ల తన పాటను సాధారణముగ తండ్రివద్ద, సుమారు మూడు నెలలలోపల నేర్చుకొనును. పెద్దపిట్ట పాట వినక పెరిగినదియు పాడును గాని అది జాతి పాటవలె ఉండదు. ఈ లోపుననే బుట్టలో పెట్టి ఎవరికో యిచ్చివేసిన పిల్ల, పాఠము నడుమ గురువును కోల్పోయిన శిష్యుడు.

అట్లైన ఫించ్ పెంచుటయే పాపమా? అంత కఠినముగ చెప్పజాలను. పిల్లలు దూరదేశములకు పోయిన ఇంట ఈ కిలకిలలు వృద్ధులకు తోడగుచున్నవి. బాలురకు ప్రాణి ఆకలి ఎట్టిదో తెలుపుచున్నవి. కేవలము కంటికింపైన పక్షి కావలయునన్నచో శ్రీవిల్లిపుత్తూరున ఆండాళ్ అమ్మవారి చేతి చిలుకను చూడవలెను. దానిని దినదినము ఆకులతో నల్లి, దానిమ్మపూవుతో ముక్కు పెట్టుదురు. దానికి పంజరము లేదు. ప్రాణమున్నదానిని కోరినవాడు మాత్రము తాను యజమానుడననుకొనరాదు. సమస్తజీవులు భగవంతునికే శేషభూతములని మన సిద్ధాంతము. ఆలయపు సొత్తుపై ధర్మకర్తకెంత హక్కో, ఈ పిట్టలపై గృహస్థునకంతే.

ధర్మకర్త లెక్క చెప్పవలసినవాడు గనుక ముందుగనే లెక్క చూచుకొనును. పుట్టబోవు పిల్లలకు చోటు నిశ్చయము కానిదే ముంత కట్టడు. ఏడాదికి రెండు సంతులైన పిదప, ముఖ్యముగా మన వేసవి ముదరకముందే, దానిని తీసివేయును. ఒక కడుపున పుట్టిన వానిని జతకట్టనీయడు. ఈ పిట్టలు అడ్డముగ ఎగురునవి గనుక ఎత్తైన గూటికంటె పొడవైన గూటిని కట్టించును. గుంపుగా బ్రతుకు జాతి గనుక ఒంటరిపిట్టను ఉంచడు. పాదములకు చుట్టుకొను పొడవాటి పీచును గూటికి ఈయడు.

శ్రద్ధగా చూచినచో ఈ పక్షి అయిదారేండ్లు బ్రతుకును. గ్రుడ్లు మానిన ఆడదానిని ఎవరును అడుగరు. దుకాణమున దానికి వెల లేదు. మంకెపై ఒక మూల ఈకలు ఉబ్బించుకొని కూర్చుండు ఆ ముసలిపిట్టకు సైతము ప్రతి ఉదయము కొర్రలును సామలును పోసి, నీటిగిన్నె కడిగి నింపి, చలిరాత్రి గూటిపై గోనెపట్టా కప్పవలెను.