అంచు దిద్దుట

తప్పును దిద్దుట వేఱు, కప్పిపుచ్చుట వేఱు. ఈ రెంటికిని నడుమ భేదమెచ్చట నున్నది? సోలాపురములోని మా యింటి కారుషెడ్డు నేల మా కీ ప్రశ్నను తెచ్చిపెట్టినది.

2023 వేసవిలో కూలివారిని పిలువక, కుమారుని తోడు చేసికొని ఆ నేలకు ఎపాక్సీ పూత మేమే పూసితిమి. ఇది రెండు డబ్బాల సరకు. రెజినును, హార్డెనరును చెప్పిన పాళ్ళలో కలిపినంతనే గట్టిపడ నారంభించును. గోడల వెంబడి అంటించిన టేపును పూత పచ్చిగా నుండగనే లాగివేయవలెను. అబ్బాయి లాగబోగా, "ఆరనిమ్ము, తొందరయేల?" అని వారించినది మేమే. మఱునాడు లాగగా పూత పెచ్చులుగా లేచి, అంచు ఱంపపు పళ్ళవలె మిగిలినది. నేతపనికై తరములనాడు ఈ యూరు చేరిన తెలుగువారికి అంచు చెడుట నామోషీ గదా! చూడవచ్చిన మా బావమఱదితో అబ్బాయి "నా పొరపాటే, మామయ్యా" అనెను. మేము ఊరకుంటిమి.

ఆ రాత్రి నిదుర పట్టలేదు. 1986లో కచేరీ లెక్కల పుస్తకమున తప్పు పడిన యొక యంకెను బ్లేడుతో గీకి, పైన వేఱొకటి వ్రాసితిమి. లెక్క పొసగనప్పుడు మాట పడినది ప్రక్క బల్ల గుమాస్తా. అప్పుడును ఊరకుంటిమి. లెక్కలలో ధర్మమొక్కటే: తప్పు అంకె చదువ వీలగునట్లు గీత కొట్టి, సరియైనది ప్రక్కన వ్రాసి, పొట్టి సంతకము చేయవలెను.

గోడ వెంబడి చెక్కపట్టీ కొట్టినచో అంచు కనబడదని కొందఱనిరి. పట్టీ వేయుట పాపము కాదు. కాని క్రింద పూత పట్టు విడిచియున్నచో దుమ్మును తేమయు లోన జొచ్చి మంచి భాగమును గూడ లేపును. లోపల కీడు పెరుగుచుండగా పైన మూయుటయే కప్పిపుచ్చుట.

కావున లేచిన పెచ్చులను గీకి, అంచును ఉప్పుకాగితముతో పలుచన చేసి, దుమ్ము తుడిచి, క్రొత్త టేపు తిన్నగా అంటించి, పాళ్ళు తప్పక కొంచెము కలిపి పూసితిమి. ఈసారి పచ్చిగా నుండగనే టేపును మెల్లగా లాగితిమి. అంచు తిన్ననైనది. పాత పూతకును క్రొత్త పూతకును నడుమ సన్నని గీత మాత్రము కనబడుచునే యున్నది.

దానిని చెఱపలేదు. అడిగినవారికి "తప్పు మాది, అబ్బాయిది కాదు" అని చెప్పుచున్నాము. ఆ గుమాస్తాకు చెప్పుకొనుటకు ఆయన ఇప్పుడు లేరు. నేలకు రెండవ పూత కలదు. అన్ని తప్పులకును ఆ భాగ్యము లేదు. పచ్చిగా నుండగనే ఒప్పుకొనుట మేలు.