బొటనవేలు ఎవరిది?

ధవళేశ్వరం, రాజమండ్రి వీధుల్లో కరాటే క్లాసుల ఫ్లెక్సీలు బాగా పెరిగాయి. మాస్టారి బొమ్మ మధ్యలో పెద్దగా, పిల్లల బొమ్మలు చుట్టూ బొట్టుబిళ్లల్లా ఉంటాయి. పేరుకి ముందు ‘గ్రాండ్ మాస్టర్’ అని రాసుంటుంది. ఇంకా దిగువకి, అమలాపురం వెళ్తే దసరాకి చెడీ తాలింఖానా ఉంది. కర్రసాము, కత్తిసాము చూడ్డానికి ఊళ్లకి ఊళ్లు కదిలొస్తాయి. అక్కడ నేర్పేవాణ్ణి గురువుగారు అంటారు. పిలుపేదైనా సంబంధం ఒకటే. ఒకరు నేర్పుతారు, ఇంకొకరు ఒళ్లు అప్పగించి నేర్చుకుంటారు. అప్పగించిన ఆ ఒంటి మీద నేర్పినవాడికి ఎంతవరకు హక్కుంది?

ఈ ప్రశ్న మనం అడిగినట్టు ఇంకొకరు అడగలేరు. మనకి ఏకలవ్యుడున్నాడు.

కథ అందరికీ తెలిసిందే. నిషాదరాజు హిరణ్యధన్వుడి కొడుకు విలువిద్య కోసం ద్రోణుడి దగ్గరకి వెళ్లాడు. నిషాదుడని ద్రోణుడు చేర్చుకోలేదు. కుర్రాడు అడవికొచ్చి ద్రోణుడి మట్టిబొమ్మ పెట్టుకుని తనంతట తానే సాధన చేశాడు. మొరిగే కుక్క నోట్లో ఏడు బాణాలు కొట్టేంత వాడయ్యాడు. నన్ను మించినవాడు ఉండడన్నావు కదా అని అర్జునుడు గురువు దగ్గర వాపోయాడు. ద్రోణుడు వెళ్లి కుడిచేతి బొటనవేలు దక్షిణగా అడిగాడు. ఏకలవ్యుడు కోసిచ్చాడు.

బడిలో దీన్ని గురుభక్తి అని చెప్పేవారు. మన రచయితలు మోసం అని రాశారు. మోసమే. అయితే మోసం అన్నంత మాత్రాన లెక్క తేలలేదు. ద్రోణుడు ఒక్కరోజు పాఠం చెప్పలేదు. చెప్పనివాడికి బాకీ ఎలా పడింది? ఆ బాకీ ఏకలవ్యుడే రాసుకున్నాడు. ఎదురుగా బొమ్మ లేకపోయినా ఆ బాణాలు అలాగే తగిలేవి. చూపు అతనిది, చెయ్యి అతనిది, తెల్లారకముందే లేచి అడవిలో నిలబడ్డ కాళ్లూ అతనివే. కానీ గొప్పవాడి పేరు లేకుండా విద్య విద్య కాదు అనే నమ్మకం అతనిలో దిగిపోయింది. వేలు కత్తికి తెగకముందే ఆ నమ్మకానికి తెగింది.

కొండమీద మన పద్ధతి అది కాదు. కోయ గూడెంలో, కొండరెడ్ల గూడెంలో పిల్లవాడు విల్లు పట్టడం మామయ్యల వెంట, అన్నల వెంట నడిచి నేర్చుకున్నాడు. భూమి పండగ వేటకి వెళ్లే గుంపులో వెనక నడిచేవాడు కొన్నాళ్లకి ముందుకొస్తాడు. ఎవడూ ఎవడికీ గ్రాండ్ మాస్టర్ కాడు. ఫలానావాడి చెయ్యి మంచిది అంటారు, అంతే.

సర్కారు పెట్టే పేర్లు కూడా చూడండి. మంచి ఆటగాళ్లకి 1961 నుంచి అర్జున అవార్డు, శిక్షకులకి 1985 నుంచి ద్రోణాచార్య అవార్డు. 1997-98లో ఆదివాసీ పిల్లల కోసం గురుకులాలు మొదలైతే వాటికి ఏకలవ్య అని పేరు పెట్టారు. గౌరవంగానే పెట్టి ఉంటారు. అయినా మన పిల్లల బడికి వేలు పోయినవాడి పేరు, వేలు అడిగినవాడి పేరు మీద బహుమతి! రాజస్థాన్ గిరిజన విలుకాడు లింబారాంని 1987లో ఊళ్లలో పోటీలు పెట్టి ఏరుకొచ్చారు. 1992లో బీజింగ్‌లో అతను ప్రపంచ రికార్డుతో సమానంగా కొట్టాడు. అంతకు ముందటేడే అతనికి అర్జున అవార్డు వచ్చింది. అందులోని తిరకాసు గురించి అప్పుడెవరైనా ఆలోచించారో లేదో.

ఇంత చెప్పినా గురువు అక్కర్లేదు అని నేను అనను. బడిపంతుల్ని, అనలేను కూడా. లెక్కల్లో మాట వినని పిల్లవాడికి లెక్క తప్పుతుంది. సాములో మాట వినని పిల్లవాడు పక్కవాడి ముక్కు పగలగొడతాడు. కర్ర చేతికిచ్చాక ఆగమంటే ఆగాలి. ఎందుకు అని అక్కడే నిలబడి అడిగితే కుదరదు. అందుకే ఈ విద్యల్లో వంగి నమస్కరించడం, వరసలో నిలబడ్డం, బెల్టు రంగుని బట్టి చోటు ఉన్నాయి. ఆ విధేయత కాసేపు అరువిచ్చింది. పాఠం అయ్యాక పిల్లవాడిది పిల్లవాడికి తిరిగిచ్చెయ్యాలి. తిరిగివ్వని గురువే ద్రోణుడవుతాడు.

ఈ విద్యల్ని బడిలోకి తెచ్చినవాళ్లు కూడా పంతుళ్లే. జూడోని 1882లో మొదలెట్టిన జపాన్ వాడు కానో జిగోరో తర్వాత టోక్యోలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకి అధిపతిగా పనిచేశాడు. ఒకినావాలో ప్రాథమిక పాఠశాల పంతులు ఫునాకోషి 1922లో టోక్యో వెళ్లి కరాటే చూపించాడు. ముందు చెయ్యి మనది కాకూడదన్నది ఆయన పాఠం. బెల్టులూ డాన్‌లూ కానో నుంచి వచ్చినవే. వాటికి ఇప్పుడు పరీక్ష ఫీజు, సర్టిఫికెట్ ఫీజు చేరాయి. అది వేరే సంగతి.

నాకు నచ్చింది జూడోలో ఇంకొకటి. ఎదుటివాడు మెడ బిగించినప్పుడు, చెయ్యి మెలిపెట్టినప్పుడు ఓర్చుకోలేకపోతే నేలమీదో అతని ఒంటిమీదో రెండుసార్లు తట్టాలి. తట్టిన వెంటనే వదిలెయ్యాలి. పట్టినవాడు బ్లాక్ బెల్టయినా, తట్టింది నిన్న చేరిన పిల్లయినా వదలాల్సిందే. ఎందుకు తట్టావని అడగడానికి లేదు. ఆ నేలమీద కింద పడున్నవాడి మాటే చెల్లుతుంది. ఏకలవ్యుడికి లేనిది ఈ తట్టడమే. వేలు అడిగినప్పుడు ఇక్కడ ఆపండి అని చెప్పే దారి అతనికి ఎవరూ చూపించలేదు.

ఫునాకోషి టోక్యో వెళ్లిన 1922లోనే, ఆగస్టు 22న మన్యంలో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. ఆ పోరాటం గురించి చెప్పేటప్పుడు అల్లూరి సీతారామరాజు ఆదివాసీలకి యుద్ధం నేర్పాడంటారు. రాజుని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆయన ప్రాణమిచ్చాడు. కానీ ఆయన 1897లో పుట్టాడు. రంప కొండలు 1879లోనే తిరగబడ్డాయి. గాం గంటం దొర, గాం మల్లు దొరలకి కొండదారులు ఎవరూ నేర్పక్కర్లేదు. నడిపినవాడికి నడిపిన గౌరవం చాలు. నడిచినవాళ్ల కాళ్లు కూడా ఆయనే ఇచ్చాడంటే మళ్లీ మట్టిబొమ్మ కథే. ధవళేశ్వరంలో కాటన్ దొరకి దండలేసినప్పుడు కూడా నాకిదే తడుతుంది. 1847 నుంచి 1852 దాకా కట్టిన ఆనకట్టకి రాయి మోసినవాళ్ల పేర్లు ఏ పలకమీదా లేవు.

ఇప్పుడు ఆడపిల్లల సంగతి. రాణీ లక్ష్మీబాయి పేరు మీద సర్కారు బడుల్లో మూడు నెలలు ఆత్మరక్షణ నేర్పుతున్నారు. నెలకి 5,000 రూపాయల చొప్పున బడికి ఇస్తారు. మంచి పథకమే, డబ్బు చాలదు. నా బెంగ డబ్బు గురించి కాదు. కొండ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లకి మొదటి రోజే మాస్టారు ఏం చెప్తే అది చెయ్యమంటాం. రెండో రోజు, ఒంటిమీద ఎవరైనా చెయ్యేస్తే కొట్టమంటాం. స్టాన్స్ సరిచేసే సాకుతో ఆ చెయ్యి మాస్టారిదే అయితే? ఆ పిల్లకి ఏ పాఠం గుర్తొస్తుంది? మొదటిదే. మూడు నెలలూ బాగా వంచింది అదే కనక.

వంగడం నేర్పే ముందు తట్టడం నేర్పండి అని శిక్షకులకి చెప్తుంటాను. కొందరు నవ్వుతారు, క్రమశిక్షణ పోతుందంటారు. ఒకాయన మాత్రం మొదటి గంటలో పిల్లల్ని జతలుగా నిలబెట్టి, చెయ్యి పట్టుకున్నప్పుడు వద్దనడం, వద్దనగానే వదలడం చేయించాడు. తర్వాత తన చెయ్యి చాపి, ఇప్పుడు నాతో అనండి అన్నాడు. వరసలో చాలామందికి నోరు పెగల్లేదు. నాలుగో రోజుకి ఒక పిల్ల అంది. ఆయన వదిలి, వెనక్కి జరిగి, తర్వాతి పిల్ల దగ్గరకి వెళ్లాడు.