ఉద్వాసన జరగని మూర్తులు

విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉండే కళా ప్రదర్శనశాలలు విద్యా సంవత్సరం మొదలయ్యేటప్పుడు తమ రాబోయే ప్రదర్శనల వివరాలను, వాటితోపాటు జరిపే ఉపన్యాసాలు, గ్యాలరీ పరిచయాలు, సంగీత సభలు, పిల్లల కార్యక్రమాల తేదీలను ప్రకటిస్తాయి. ఆ పట్టికలో ఒక చోళ కాంస్యమో, పాలరాజుల కాలపు తారామూర్తో, టిబెట్ పటచిత్రమో చోటు చేసుకున్నప్పుడు, అందం, శైలి, కాలనిర్ణయం వంటి చర్చలన్నిటికంటే ముందు తేలవలసిన ప్రశ్న ఒకటి ఉంటుంది. పూజ కోసమే రూపొంది, పూజలు అందుకున్న ఆ వస్తువు గాజు పెట్టెలోకి చేరిన తరువాత కూడా దైవమేనా, లేక దైవం విడిచిపోయిన లోహమా, రాయా, వస్త్రమా? ఆధునిక ప్రదర్శనశాల ఈ ప్రశ్నను సందర్శకుడి వ్యక్తిగత విశ్వాసానికి వదిలి తప్పుకుంటుంది. ఆలయ అర్చనా విధులను నిర్దేశించే ఆగమశాస్త్రాలు మాత్రం దీనిని వ్యక్తి విశ్వాసానికి వదలలేదు. దైవం బింబంలోకి ఎలా వస్తుంది, ఎలా నిలుస్తుంది, ఎలా వెళుతుంది అన్న విషయాలను కర్మకాండ పరిభాషలో ఎంతో నిర్దిష్టంగా చెప్పాయి.

శిల్పి చేతి నుండి వచ్చిన బింబం ఆగమ దృష్టిలో ఇంకా దేవత కాదు. జలాధివాసం, ధాన్యాధివాసం వంటి సంస్కారాలు జరిగి, బంగారు సూదితో కన్నులు తెరిచే నేత్రోన్మీలనం పూర్తయి, మంత్రపూర్వకంగా ప్రాణప్రతిష్ఠ చేసిన తరువాతనే అందులో సాన్నిధ్యం, అనగా దేవత ఎదుట ఉన్న స్థితి, ఏర్పడుతుంది. ఆ సాన్నిధ్యం ఒకసారి వస్తే శాశ్వతంగా రాతిలో బిగిసిపోయేది కాదు. నిత్యార్చనతో అది పోషణ పొందుతుంది, అర్చన లోపిస్తే క్షీణిస్తుంది, లోపాన్ని సరిదిద్దడానికి ప్రాయశ్చిత్తంగా సంప్రోక్షణ, అనగా మంత్రజలంతో చేసే శుద్ధి, అవసరమవుతుంది. తిరుమలలో అనుసరించే వైఖానస సంప్రదాయం ఈ భావనకు తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ. ఆగమ పరిభాషలో బేరం అంటే మూర్తి; అక్కడ కదలని మూలవిరాట్టు ధ్రువబేరం కాగా, నిత్యసేవలు అందుకునే చిన్న వెండి విగ్రహమైన భోగ శ్రీనివాసమూర్తి కౌతుకబేరం. ఈ మూర్తికి మూలవిరాట్టుతో పట్టుదారం ద్వారా అనుసంధానం ఉంటుంది. పన్నెండేళ్లకొకసారి జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణంలో, 2018 ఆగస్టులో జరిగినట్లే, మూలమూర్తిలోని దివ్యశక్తిని కళాకర్షణ అనే ప్రక్రియ ద్వారా జలంతో నిండిన కుంభంలోకి ఆవాహన చేసి, గర్భాలయంలో పనులు ముగిశాక తిరిగి బింబంలోకి చేరుస్తారు. దైవసాన్నిధ్యం ఒక బింబం నుండి మరొక ఆధారానికి మారగలదని, అయితే ఆ మార్పు విధిపూర్వకంగా, బాధ్యత వహించే అర్చకుని చేతుల మీదుగానే జరగాలని ఈ క్రతువు నుండి తేటతెల్లమవుతుంది. వినాయక చవితి నాటి మట్టి విగ్రహానికి పూజాంతంలో ఉద్వాసన చెప్పే గృహస్థుడు కూడా ఈ సూత్రాన్నే పాటిస్తున్నాడు, పిలిచినవారే సాగనంపాలి.

ఇక్కడే ప్రదర్శనశాలకు చేరిన మూర్తుల చిక్కు స్పష్టమవుతుంది. దొంగలు పెకలించుకుపోయిన మూర్తికి ఎవరూ కళాకర్షణ చేయలేదు, ఉద్వాసన చెప్పలేదు. కనుక ఆగమ పరిభాషలో ఆ మూర్తి ఖాళీ పాత్ర అని చెప్పడానికి వీలులేదు. నిత్యార్చన లేదు కనుక పూర్ణ సాన్నిధ్యం ఉందని చెప్పడానికీ వీలులేదు. ఇది సేవ తెగిపోయిన స్థితి. పూర్వం దండయాత్రల భయంతో అర్చకులే భూమిలో దాచిన కాంస్యాలు, ఆలయం శిథిలమై జనావాసమే మాయమైన చోట దొరికిన శిల్పాలు వేరే కోవకు చెందుతాయి. వాటి సేవ కూడా తెగిపోయినదే, కాని ఆ తెగిపోవడంలో ఎవరి హక్కునూ ఎవరూ కాజేయలేదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాను ప్రదర్శనశాలలు చాలాకాలం పాటు కేవలం యాజమాన్య పత్రాల సమస్యగా చూశాయి. నిజానికి అది ధర్మశాస్త్ర సమస్య కూడా.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన, 1683లో ప్రారంభమైన ఆష్మోలియన్ ప్రదర్శనశాల అనుభవం ఈ విషయంలో ఎంతో విలువైనది. వైష్ణవ భక్తకవులైన పన్నెండుమంది ఆళ్వారులలో చివరివాడుగా సంప్రదాయం లెక్కించే తిరుమంగై ఆళ్వారు ఖడ్గం, డాలు ధరించి నిలుచున్న పదహారవ శతాబ్దపు కాంస్యమూర్తిని ఆ సంస్థ 1967లో లండన్ సోథెబీస్ వేలంలో కొనుగోలు చేసింది. పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ పరిశోధన సంస్థ భద్రపరచిన ఛాయాచిత్రాలలో ఒకటి, 1957లో తీసినది, అదే మూర్తిని కుంభకోణం సమీపంలోని సౌందరరాజ పెరుమాళ్ ఆలయంలో చూపుతున్నదని ఒక స్వతంత్ర పరిశోధకుడు 2019లో గుర్తించగా, ప్రదర్శనశాల తానే చొరవ తీసుకొని భారత హైకమిషన్‌కు ఆ సంగతి తెలియజేసింది. 2024 మార్చిలో విశ్వవిద్యాలయ పాలకమండలి మూర్తిని తిరిగి ఇవ్వడానికి సమ్మతించింది. ఎదురుదావా వేసి పోరాడగల సంస్థ తన వద్ద ఉన్న వస్తువు చరిత్రను తానే బయటపెట్టడం సామాన్యమైన విషయం కాదు, దానిని మనసారా అభినందించాలి. దేవతను న్యాయదృష్టిలో ఆస్తిహక్కులు గల వ్యక్తిగా పరిగణించే భారతీయ సూత్రాన్ని 1925లోనే ప్రీవీ కౌన్సిల్ ఒక కలకత్తా కుటుంబ దేవత వ్యాజ్యంలో ఆమోదించింది; తమిళనాడులోని పత్తూరు గ్రామ నటరాజ మూర్తి వ్యాజ్యంలో 1991లో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానం కూడా ఆలయానికి ఆ గుర్తింపునిచ్చి దావాను అంగీకరించింది. న్యాయస్థానం హక్కును మాత్రమే తేల్చగలదు. సాన్నిధ్యం సంగతిని తేల్చవలసినది సంప్రదాయం, ఆ సంప్రదాయాన్ని అధ్యయనం చేసే విశ్వవిద్యాలయం.

పాశ్చాత్య తత్త్వచింతన ఈ ప్రశ్నను వేరే దారిలో సమీపించింది. దేవతామూర్తుల కళాత్మకతను ఎంతగా మెచ్చుకున్నా ఆధునికుడు వాటి ముందు మోకరిల్లడం లేదని హెగెల్ తన సౌందర్యశాస్త్ర ఉపన్యాసాలలో గమనించాడు. వాల్టర్ బెంజమిన్ 1930ల నాటి ప్రసిద్ధ వ్యాసంలో వస్తువుకు గల ఆరాధనా విలువ తగ్గుతూ ప్రదర్శనా విలువ పెరగడాన్ని వివరించాడు. ఇద్దరూ చరిత్ర ఒకే దిశలో సాగుతుందని, గుడి నుండి ప్రదర్శనశాలకు వెళ్లిన వస్తువు వెనుదిరగదని భావించినట్లు కనిపిస్తుంది. బోస్టన్ లలితకళా ప్రదర్శనశాలలో దశాబ్దాలపాటు పనిచేసిన ఆనంద కుమారస్వామి వారికంటే సత్యానికి దగ్గరగా వచ్చాడు. ఏ ప్రయోజనం కోసం వస్తువు తయారైందో అది తెలియకుండా దానిని చూసి ఆనందించడం అసంపూర్ణమైన చూపు అని, ఆ ప్రయోజనాన్ని బోధించడమే ప్రదర్శనశాల మొదటి పని అని ఆయన వాదించాడు.

చరిత్ర ఒకే దిశలో సాగలేదనడానికి కలకత్తా నగరమే సాక్ష్యం. 1892లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే ఆంధ్రదేశంలోని భట్టిప్రోలు స్తూపంలో తవ్వకాలు జరిపినప్పుడు బ్రాహ్మీ శాసనాలు చెక్కిన ధాతుమంజూషలు, అనగా బుద్ధుని అస్థికలుగా భావించే ధాతువులను ఉంచే పేటికలు, బయటపడి మద్రాసు ప్రదర్శనశాలకు చేరాయి. తరువాత ఆ ధాతువును బ్రిటిష్ ప్రభుత్వం మహాబోధి సంఘానికి అప్పగించగా, 1920లో ఆ సంఘ స్థాపకుడు అనగారిక ధర్మపాల కలకత్తా కాలేజ్ స్క్వేర్ వద్ద నెలకొల్పిన ధర్మరాజిక చైత్య విహారంలో అది ప్రతిష్ఠ పొందింది. ఆంధ్రదేశపు మట్టిలో రెండు వేల ఏళ్లకు పైగా ఉండి, పురావస్తువుగా పేరు నమోదై, ఒక ధాతువు మళ్లీ ఆరాధ్యమైంది. దానిని మోసిన రాతి మంజూషలు మాత్రం ప్రదర్శనశాలలోనే నిలిచాయి. ఆ విహారానికి నడిచి వెళ్లేంత దూరంలోనే కలకత్తా విశ్వవిద్యాలయం, 1937లో స్థాపించిన అశుతోష్ ప్రదర్శనశాల ఉన్నాయి. భారతీయ విశ్వవిద్యాలయాలలో ప్రజలకు తెరిచిన మొదటి కళా ప్రదర్శనశాల అదే. పాల, సేన రాజుల కాలపు శిల్పాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఒక విద్యార్థి ఉదయం ఆ శిల్పాలను అధ్యయనం చేసి, మధ్యాహ్నం విహారానికి వెళ్లి ధూపదీపాలు అందుకుంటున్న ధాతువును చూడగలగడం కంటే మంచి తత్త్వపాఠం ఏ ఉపన్యాస పట్టికలోనూ దొరకదు.

అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం మరొక మార్గాన్ని చూపింది. కర్ణాటకలోని ముండగోడులో పునఃస్థాపితమైన డ్రెపుంగ్ లోసెలింగ్ బౌద్ధమఠంతో ఆ విశ్వవిద్యాలయానికి 1998 నుండి విద్యా సంబంధం ఉంది. ఆ మఠ భిక్షువులు అక్కడి కార్లోస్ ప్రదర్శనశాలలో ఇసుక మండలాలను నిర్మించారు. మండలం అంటే ఒక బుద్ధమూర్తి నివాసమైన దివ్యభవనపు పటం. సన్నని లోహపు గొట్టాల గరుకు అంచును గీరుతూ రంగు ఇసుకను రేణువు రేణువుగా జారవిడిచి, రోజుల తరబడి వంగి కూర్చుని దానిని పూర్తిచేస్తారు. తరువాత దేవతలకు వీడ్కోలు చెప్పి, అంచుల నుండి మధ్యకు ఇసుకను ఊడ్చి కలిపి, కొంత చూపరులకు పంచి, మిగిలినదాన్ని ప్రవహించే నీటిలో కలుపుతారు. వస్తువును వేల ఏళ్లు నిలబెట్టడమే ధ్యేయంగా గల భవనంలో, నిలబడకపోవడమే ప్రయోజనంగా గల వస్తువు తన పూర్తి జీవితాన్ని గడపడం సామాన్యమైన కార్యక్రమం కాదు. ఆవాహన, సేవ, విసర్జన మూడూ సందర్శకుల కళ్లెదుటే జరుగుతాయి. పక్క గదిలోని కాంస్యానికి ఈ మూడింటిలో ఏది జరగలేదో అప్పుడు వారికి అర్థమయ్యే అవకాశం ఉంటుంది. అయితే ఆ అవకాశాన్ని ప్రదర్శనశాల అందిపుచ్చుకోవాలి. భిక్షువుల పనిని కేవలం ఓర్పుతో కూడిన హస్తకళగా పరిచయం చేసి సరిపెట్టే చోట, మండలం కూడా గాజు పెట్టెలోని వస్తువే అవుతుంది.

విశ్వవిద్యాలయం మతాతీత సంస్థ కనుక పూజకు చోటివ్వరాదని, పైగా అభిషేకజలం, పసుపు, దీపపు మసి వల్ల ప్రాచీన వస్తువులు దెబ్బతింటాయని వచ్చే అభ్యంతరాలలో రెండవది బలమైనదే. కాని ఏ ఆలయంలోనైనా స్నపనానికి, అనగా అభిషేకానికి, ఒక బేరం, ఉత్సవానికి మరొక బేరం ఉండడంలోనే మూలమూర్తిని కాపాడుకుంటూ సేవ సాగించే ఉపాయం ఇమిడి ఉంది. తమిళనాడులోని తిరువారూరు వంటి చోట్ల దొంగల భయంతో ఆలయ కాంస్యాలను ఒక సురక్షిత భవనంలో ఉంచి, ఉత్సవాల రోజులలో వాటి ఊళ్లకు తీసుకువెళ్లే ఏర్పాటు కూడా ఉంది. మొదటి అభ్యంతరానికి సమాధానం ఇంకా సరళం. ప్రదర్శనశాల పూజ చేయనక్కరలేదు. పూజ ఎప్పుడు, ఎలా ఆగిపోయిందో దాచకుండా చెబితే చాలు. వివరణ ఫలకంపై శతాబ్దం, లోహం, ఎత్తుతోపాటు ఏ ఆలయం, ఏ సేవ, ఎప్పటి నుండి లోపం అన్నవి కూడా రాసి, ఆ మూర్తిపై ప్రసంగానికి కళాచరిత్రకారునితోపాటు ఆ సంప్రదాయానికి చెందిన అర్చకుని కూడా పిలిచే సంస్థ జ్ఞానానికీ భక్తికీ ఏకకాలంలో న్యాయం చేస్తుంది.

తిరుమంగై ఆళ్వారు విషయంలో ఇంకొక కఠినమైన ప్రశ్న ఆలయం వైపే మిగిలి ఉంది. అసలు మూర్తి పోయిన చోట ఉన్నది నకలు అని తమిళనాడు పోలీసుల విగ్రహాల చోరీ నిరోధక విభాగం తేల్చింది. ఇన్ని దశాబ్దాలుగా ఊరివారు మొక్కినది, దీపం వెలిగించినది ఆ నకలు ముందే. మోసంతో నిలిపిన బింబానికి నిష్కపటంగా అందించిన సేవ వ్యర్థమని చెప్పడానికి ఏ భక్తి సంప్రదాయమూ ఒప్పుకోదు, కనుక అసలు మూర్తికి సంప్రోక్షణ చేసి మళ్లీ ఆ స్థానంలో నిలిపే రోజున, అంతకాలం ఆ సేవను స్వీకరించిన నకలును సామాను గదికి తరలించే ముందు దానికి కూడా ఉద్వాసన చెప్పవలసి ఉంటుంది.