పునరావాసం అంటే ఇల్లు మాత్రమేనా?

‘రీహాబిలిటేషన్’ అనే ఇంగ్లీషు మాట మన ఊళ్లకు ‘ఆర్ అండ్ ఆర్’ అనే పొట్టి పేరుతో వచ్చింది. ప్యాకేజీకి, కాలనీకి, సర్వేకి ముందు ఆ రెండు అక్షరాలు తప్పకుండా ఉంటాయి. ఒక ‘ఆర్’ రీహాబిలిటేషన్, ఇంకొకటి రీసెటిల్‌మెంట్. తెలుగులో మాత్రం మనం రెండింటినీ కలిపి ‘పునరావాసం’ అనేస్తున్నాం. రెండు మాటలు ఒకటయ్యాయి. అందులో ఏది జారిపోయిందో చూడాలి.

పునరావాసం అంటే మళ్లీ నివాసం. రీసెటిల్‌మెంట్‌కు ఆ మాట సరిపోతుంది. రీహాబిలిటేషన్ అలా కాదు, అందులో ఇల్లు లేదు. దాని మూలం లాటిన్‌లోని ‘హాబిలిస్’. తగిన, చేతనైన అని దాని అర్థం. ఇంగ్లీషులో ‘ఏబుల్’ కూడా అక్కడి నుంచి వచ్చిందే. అంటే మనిషికి పోయిన చేవను, హోదాను, హక్కును తిరిగి ఇవ్వడం. ఫ్రాన్స్ సైనికాధికారి ఆల్ఫ్రెడ్ డ్రేఫస్‌ను 1894లో దేశద్రోహి అని శిక్షించారు. 1906లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. ఆయన్ను మళ్లీ సైన్యంలోకి తీసుకున్నారు. దాన్నీ రీహాబిలిటేషన్ అనే అంటారు. అక్కడ దిద్దుకోవలసి వచ్చింది డ్రేఫస్ కాదు, ఆయనను శిక్షించిన రాజ్యం.

ఇదే మాటకు ఇంకో ముఖం ఉంది. తాగుడు మాన్పించే చోటును రీహాబిలిటేషన్ సెంటర్ అంటారు. జైలు నుంచి వచ్చినవాణ్ణి దారిలో పెట్టడాన్నీ అదే మాటతో చెబుతారు. ఇక్కడ సరిచేయవలసింది మనిషిని. ఆదివాసుల విషయంలో రాజ్యానికి ఎక్కువగా అలవాటైనది ఈ రెండో అర్థమే. బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. దాని కింద ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో కాపలా మధ్య ఉంచారు. పుట్టుకనే నేరంగా రాసి, దానికి సంస్కరణ అని పేరు పెట్టారు. ఆ చట్టం 1952లో రద్దయింది. కానీ వీళ్లను మనమే బాగుచేయాలి అనే చూపు చట్టంతో పాటు పోలేదు.

ఇప్పుడు పోలవరం దగ్గరికి వద్దాం. 41.15 మీటర్లు, 45.72 మీటర్లు అనే అంకెలు ముంపు మండలాల్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఏ ఊరు ఏ కాంటూరులో ఉందన్నదాన్ని బట్టి ఎవరు ముందు లేవాలో తేలుతుంది. కోయ, కొండరెడ్డి కుటుంబాలకు కాలనీల్లో ఇళ్లు కట్టారు. ఇల్లు అవసరమే, కాదనం. అయితే ఊళ్లో ఒక పెద్దాయనకు ఏ దుంప ఎన్ని నీళ్లలో ఉడికిస్తే చేదు పోతుందో తెలుసు. ఏ నెలలో గోదావరి ఏ ఒడ్డున చేపనిస్తుందో, ఏ చెట్టు జోలికి పోకూడదో తెలుసు. ఆయన దగ్గరకు పదిమందీ సలహాకు వచ్చేవారు. అడవి, నది లేని కాలనీలో ఆ తెలివికి పనిలేదు. అక్కడ ఆయన సంతకం ఎక్కడ పెట్టాలో ఇంకొకరిని అడిగే మనిషి. ఆయన చేవను ఎవరూ లాక్కోలేదు. అది పనికొచ్చే చోటును తీసేశారు. దీనికి పరిహారం పట్టికలో గడి లేదు.

చట్టాలు దీన్ని పూర్తిగా మరిచిపోలేదు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందే కాదు, పునరావాసం కల్పించే ముందు కూడా గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని సంప్రదించాలి. 2013 భూసేకరణ చట్టం మన ప్రాంతాల్లో భూసేకరణ చివరి మార్గంగానే ఉండాలంటుంది. తప్పనిసరైతే వీలైనంతవరకు అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో, అందరినీ ఒకే చోట, భాషా సంస్కృతులు నిలిచేలా ఉంచాలంటుంది. సంప్రదాయ వ్యవస్థలకు వేరుగా స్థలం కేటాయించమంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. అక్రమంగా వెళ్లగొట్టబడిన వారికి ఉన్నచోటనే పునరావాసం పొందే హక్కు ఉందంది. అంటే పునరావాసం అన్న ప్రతిసారీ ఊరు వదలడమే కానక్కరలేదు. ఈ సంగతి మన యువకుల్లో ఎంతమందికి చేరింది?

మనలోనే కొందరు అడుగుతారు: కొండమీద రోడ్డు లేదు, జ్వరమొస్తే డోలీలో మోయాలి, కాలనీలో బడి, ఆసుపత్రి దగ్గర, ఇది మేలు కాదా అని. మేలే. అడవిలోనే ఉండిపోండి అని చదువుకున్న పిల్లలకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ రోడ్డు, బడి, వైద్యం ఈ దేశపు పౌరులుగా మనకు అంతకు ముందే రావలసినవి. పట్నంలో ఎవరూ ఊరు వదులుకుని బడి కొనుక్కోలేదు. పాత బాకీని చెల్లించి దాన్నే కొత్త నష్టానికి పరిహారంగా లెక్క రాయడం న్యాయం కాదు.

కొన్ని తిరిగి రావు. మునిగిన శ్మశానం, దేవత గుట్ట, నది ఒడ్డు మళ్లీ కట్టగలిగేవి కావు. అలాంటి చోట ‘పునః’ అనే మాట వాడకుండా, ఇది నష్టం, దీనికి మేం బాధ్యులం అని చెప్పడమే మర్యాద. తిరిగి ఇవ్వగలిగినవి కూడా ఉన్నాయి: సాగు చేసుకోగల భూమి, అటవీ ఫలసాయం మీద హక్కు, తన ఊరి సంగతి తానే తేల్చుకునే గ్రామసభ. ఇల్లు కట్టామని చెప్పినప్పుడు ఇవి ఇచ్చారా అని అడగాలి. ఇవ్వకపోతే జరిగింది తరలింపు మాత్రమే.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పాఠంలో ఈ మాట వస్తే అర్థం రాయించి వదిలేయకండి. దీన్ని మీ ఇంటి భాషలో ఏమంటారు అని పిల్లలను అడగండి. ఇంటికెళ్లి అవ్వను, తాతను అడిగి రమ్మనండి. వాళ్లు తెచ్చే మాటలో ఇల్లు ఒక్కటే ఉంటుందో, ఇంకేమైనా ఉంటుందో తరగతిలో అందరూ కలిసి చూడండి.